రాయి దొరకని నేల

గ్రేటర్ నోయిడాలో పరీ చౌక్ దాటి కొంత దూరం వెళ్ళామో లేదో, మా కారు ఎడమ ప్రక్కకు ఒరిగిపోయింది. వెనుక చక్రంలో గాలి లేదు. అది ఫిబ్రవరి ఉదయం. రాత్రి కురిసిన వానకు బాట అంచున మట్టి మెత్తబడి ఉన్నది. ఒక వైపు ఆకాశాన్నంటే భవనాలు. రెండవ వైపు ఇంకా మిగిలివున్న ఆవచేలు పచ్చగా పూచి ఉన్నవి.

ఆ కారు స్టాండర్డ్ హెరాల్డ్. ఇటలీ రూపశిల్పి మికెలోట్టి గీసిన ఆకృతి. మద్రాసులో 1961 నుండి తయారైన బండి. నా మిత్రుడు దానిని తండ్రి గుర్తుగా నెల్లూరు నుండి తెచ్చుకున్నాడు. యాభై ఏళ్ళు దాటిన వాహనాలకై 2021లో కేంద్రం చేసిన నిబంధనల క్రింద నమోదు చేయించాడు. అటువంటి బండిని నిత్యం వాడుకోరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీయవచ్చు. ఆనాడు మేము బయలుదేరినది ఒక ప్రదర్శనకే.

ఈ నగరం 1991లో ఆరంభమైనది. పేటలకు ఆల్ఫా, బీటా, గామా అంటూ గ్రీకు అక్షరాల పేర్లు. ఇక్కడి బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుండి 2013 వరకు ఫార్ములా వన్ పందేలు జరిగాయి. ఆగ్రాకు పోయే 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వే 2012లో ఇక్కడి నుండే తెరుచుకున్నది. వేగంగా పోయేవారి కోసం కట్టిన ఊరు ఇది. ఆగిపోయినవారి సంగతి వేరు.

డిక్కీలోని జాకీ దాదాపు జానెడు ఎత్తున్నది. టైరులో గాలి ఉంటే అది కారు క్రిందికి దూరుతుంది; చక్రం చతికిలబడితే దూరదు. మిత్రుడు స్పానరుతో మట్టి త్రవ్వి చోటు చేశాడు. జాకీ క్రింద పెట్టడానికి ఒక బండరాయి కోసం నేను అటూ ఇటూ వెదికాను. మన సీమలో వంగితే రాయి చేతికి వస్తుంది. గంగా యమునలు వేల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఈ ఒండ్రు నేలలో గులకరాయి కూడా కనిపించదు. దొరికినవి ఇటుకలే. ఒక ఇటుకపై జాకీ నిలిపి, కారును కొంత లేపాము. చాసిస్ సరిగా ఆనిందో లేదో తడిమి చూడడానికి మిత్రుడు పడుకొని చేయి లోనికి చాచాడు.

"బేటా! చేయి తియ్యి!"

ట్రాక్టరు మీద నుండి ఒక వృద్ధుడు కేక వేశాడు. మిత్రుడు ఉలిక్కిపడి చేయి లాక్కున్నాడు. అంతలో ఇటుక పగిలింది, జాకీ ఒరిగింది, కారు ధబీమని క్రుంగింది. కొంతసేపు మా ఇద్దరికీ మాట రాలేదు.

ఆ ప్రాంతంలో పెద్దవారిని తావూ అంటారు, అంటే పెదనాన్న. "తావూజీ, ఇప్పుడు ఏమి చేయాలి?" అని అడిగాను. "ముందు గట్టి నేలకు తీయండి. ఎత్తే ముందు ఎక్కించండి" అన్నాడాయన.

కారును మెల్లగా ప్రక్కదారి తారుమీదికి తెచ్చాము. ట్రాలీలోని రెండు చెక్కపలకలను ఆయన మెట్టువలె పేర్చి, చతికిలబడిన చక్రాన్ని వాటి మీదికి ఎక్కించమన్నాడు. కారు మూడంగుళాలు లేచింది. జాకీ సులువుగా దూరింది. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదుటి వైపు ముందుచక్రానికి ఇటుకలు అడ్డుపెట్టాము. ఇటుక అందుకు చాలును, బరువు మోయడానికి చాలదు. చక్రం నేల విడువక ముందే నట్లు వదులుచేసి, ఆ తరువాత లేపాము. హెరాల్డ్ వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఊగుతుంది. అందుచేత కారు లేచినా చక్రం లోపలికి ముడుచుకొని క్రిందికే వ్రేలాడింది. ఇంకా ఎత్తవలసి వచ్చింది. ఊడదీసిన చక్రాన్ని తావూజీ చాసిస్ క్రిందికి తోయించాడు. జాకీ జారినా కారు దానిపై నిలుస్తుంది.

స్టెప్నీ బిగించి దింపాము. మిత్రుడు డబ్బు ఇవ్వబోగా తావూజీ నవ్వి, పలకలను కూడా మా డిక్కీలోనే వేసి వెళ్ళిపోయాడు.

ప్రదర్శనలో చాలామంది ఆ కారు ఎంత వేగంగా పోతుందని అడిగారు. మిత్రుడు జవాబు చెబుతూ, మాటిమాటికీ తన కుడిచేతిని ఎడమచేతితో నిమురుకోవడం నేను గమనించాను. ఆ పలకలు ఇప్పటికీ డిక్కీలో జాకీ ప్రక్కనే ఉన్నవి.