ఎక్సెల్‌లో విరగబూసిన చెర్రీ చెట్టు

మనకు ఎక్సెల్ అంటే జీతాల పట్టిక, అటెండెన్స్, జీఎస్టీ లెక్క. మాదాపూర్ ఐటీ కంపెనీలోనూ అదే, మండల ఆఫీసులోనూ అదే, రైసు మిల్లు గుమాస్తా టేబుల్ మీదా అదే. ఆ గళ్ళ షీటు మీదే పూలూ జలపాతాలూ వేసి, వాటిని మ్యూజియం దాకా చేర్చాడు జపాన్‌లో ఒక పెద్దాయన. పేరు తత్సువో హొరియుచి. ఆయన బొమ్మలు ఈమధ్యే చూశాను. అప్పట్నుంచి కనబడిన వాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను, వినేవాళ్ళు దొరికితే చాలు!

ఒక్కో గడికీ రంగు నింపి చేసే చిన్నపిల్లల బొమ్మలు కావండీ ఇవి. 2006లో వేసిన చెర్రీ పూల చిత్రం ఒకటుంది, జోగో కోట దగ్గరి దృశ్యం. 2007 నాటిది కెగోన్ జలపాతం. మొదటిసారి చూసినప్పుడు, ఎవరో కుంచెతో పట్టుగుడ్డ మీద తీరిగ్గా వేసిన పాత జపాన్ చిత్రమనే అనిపిస్తుంది. దగ్గరి రంగులు ముదురుగా, దూరానివి పలచగా, ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ కలిసిందో తెలియనంత మెత్తగా. ఇదంతా మనం మొత్తాలు కూడుకునే సాఫ్ట్‌వేర్‌లోనా అని కళ్ళు నులుముకోవాల్సిందే.

హొరియుచి గారు నాగానో ప్రాంతం వారు. 2000 ప్రాంతంలో, అరవయ్యో ఏట ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. ఇక బొమ్మలు వేద్దాం అనుకున్నారు. బొమ్మల సాఫ్ట్‌వేర్ కొనాలంటే ఖరీదు. రంగులూ కుంచెలూ కాగితాలూ అన్నా ఖర్చే. కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఎక్సెల్ మాత్రం ఇంట్లో ఊరికే ఉంది. ఇక్కడే నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఎక్సెల్ వాడనే లేదట! తోటివాళ్ళు అందులో అందమైన గ్రాఫులు గీస్తుంటే చూశారు, అంతే. గ్రాఫ్ గీయగలిగినప్పుడు బొమ్మ ఎందుకు గీయలేం అని ఆయనకు తట్టింది. రోజూ ఆ గ్రాఫులు చూసినవాళ్ళు ఆ ఆఫీసులో ఎందరుండి ఉంటారు!

వర్డ్‌లో కూడా ప్రయత్నించారు. అక్కడ కాగితం కొలత కట్టిపడేస్తుంది. ఎక్సెల్ షీటుకు ఆ బాధ లేదు, ఎటు జరిపితే అటు సాగుతూనే ఉంటుంది. ఆ రోజుల్లోనే ఒక షీటులో 65,536 అడ్డు వరసలు, 256 నిలువు వరసలు ఉండేవి. కాన్వాసు ఎంత పెద్దదో చూడండి. పదేళ్ళలో నలుగురికీ చూపించదగ్గ బొమ్మ ఒకటి వెయ్యాలి, ఇదీ ఆయన పెట్టుకున్న గురి. అరవై ఏళ్ళ వయసులో పదేళ్ళ గడువు పెట్టుకోవడానికి ఎంత నిబ్బరం ఉండాలి! తీరా 2006లోనే, ఎక్సెల్‌లోని ఆకారాలతో బొమ్మలు వేసే ఆటోషేప్ చిత్రకళా పోటీలో నెగ్గారు.

ఈ పని ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని నేనూ ఖాళీ షీటు తెరిచి ఒక మామిడాకు వేసి చూశాను. ఇన్సర్ట్‌లో షేప్స్, అందులో ఫ్రీఫామ్. మౌస్‌తో క్లిక్కు క్లిక్కుగా ఆకు అంచు వెంట పోయి, మొదలుపెట్టిన చోటికే వచ్చి నొక్కితే గీత మూసుకుంటుంది, లోపల రంగు నిండుతుంది. అప్పటికింకా మొరటుగానే ఉంటుంది. కుడి బటన్ నొక్కి ఎడిట్ పాయింట్స్ అంటే అంచు పొడుగునా నల్లటి చుక్కలు తేలతాయి. ఒక చుక్కను పట్టుకుంటే దానికి రెండు వైపులా చిన్న మీటలు లేస్తాయి. వాటిని లాగుతూ పోతే మూలలు వంపులవుతాయి, ఆకు కొస సన్నగా సాగుతుంది. తర్వాత గ్రేడియంట్ ఫిల్: ఈనె దగ్గర ముదురాకుపచ్చ, అంచుకు వచ్చేసరికి లేత పసుపు. రాగిరంగు పెడితే అదే లేత చిగురు! కంట్రోల్ డి కొడితే అచ్చం అలాంటిదే ఇంకొకటి. దాన్ని కాస్త తిప్పి, కొంచెం కుదించి, సెండ్ టు బ్యాక్‌తో వెనక్కి నెట్టాను. కొమ్మ మొదలైంది. ఆ కాసేపూ నాకు వేరే ధ్యాస లేదు.

అన్నిటికన్నా పెద్ద మాయ ట్రాన్స్‌పరెన్సీ. ఒక తెల్లటి ఆకారానికి ఒక కొసన తెలుపు ఉంచి, రెండో కొసను పూర్తిగా పారదర్శకం చేసి, కొండ బొమ్మ మీద పరవండి. పొగమంచు! కుంచె లేదు, నీళ్ళ గిన్నె లేదు, డ్రాయింగ్ టాబ్లెట్ కూడా లేదు. పైగా ఆ మంచు ఎప్పటికీ ఆరిపోని మంచు. ఆరు నెలల తర్వాత తెరిచి, దాన్ని పట్టుకుని పక్క కొండ మీదికి జరపొచ్చు. ఎంత పెద్దది చేసినా అంచు చెదరదు, ఎందుకంటే అది చుక్కల ముద్ద కాదు, లెక్కతో కట్టిన గీత. ఒక ఆకుకే ఇంత పని పట్టిందంటే, విరగబూసిన చెట్టుకు ఎన్ని ఆకారాలు పేర్చాలో, ఏది ముందో ఏది వెనకో ఎంత గుర్తుపెట్టుకోవాలో ఊహించుకుంటే ఆ పెద్దాయనకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ సాధనంలోని ఇరుకే ఆయన శైలికి అందం తెచ్చిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. అంచు తేటగా ఉన్న ఆకారాలు, ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, ఒకదాని మీద ఒకటిగా అద్దకం. ముదురు నుంచి లేతకు రంగును జార్చే పనితనాన్ని వాళ్ళు బొకాషి అంటారు. ఎక్సెల్ గ్రేడియంట్ చేసేదీ అదేగా! ఆ చిత్రాల్లో లోకమంతా ఎరిగిన పెద్ద కెరటాన్ని హొకుసాయి 1831 ప్రాంతంలో వేశాడు, అప్పటికి ఆయన డెబ్బై దాటినవాడు. హొరియుచి గారిని ఆ పక్కన నిలబెట్టడానికి నాకేం సంకోచం లేదు.

ఆఫీసు వదిలి పూర్తిగా డిజిటల్ బొమ్మల్లోకి దిగాలనుకునే వాళ్ళు మన ఊళ్ళలోనూ ఎక్కువవుతున్నారు. వాళ్ళ మొదటి మాట సామాను గురించే ఉంటుంది: ఏ టాబ్లెట్, ఏ పెన్ను, నెలకు ఎంత కట్టాలి, ఏ కోర్సు. సామాను వద్దని నేననను, మంచి పెన్ను చేతిలో ఉంటే ఆ సుఖమే వేరు. కానీ దానికోసం ఆగిపోయి, ఇంకో రెండేళ్ళు ఉద్యోగం చేశాక చూద్దాం అనుకునేవాళ్ళకు ఈయన బొమ్మలు ఒక్కసారి చూపించండి. రేపో మాపో రిటైరయ్యే బాబాయిలకూ పిన్నులకూ ముందు చూపించండి. వాళ్ళలో ఎక్సెల్ చేత్తో పట్టినవాళ్ళు ఎంతమందో.

హొరియుచి గారి చిత్రాలు గున్మాలోని తతెబయాషి చిత్రకళా మ్యూజియం సేకరణలో చేరాయి. కెగోన్ జలపాతం గున్మాకు పక్క రాష్ట్రమైన తోచిగిలో, నిక్కో దగ్గర ఉంది, దూకే ఎత్తు 97 మీటర్లు. ఎప్పుడైనా జపాన్ వెళ్తే రెండూ ఒకే ప్రయాణంలో చూడాలని ఇప్పుడే రాసిపెట్టుకున్నాను. ఆ చిత్రాలు ప్రదర్శనలో ఉన్న రోజులు కనుక్కుని మరీ వెళ్తాను. జలపాతం ఎక్కడికీ పోదు, ముందు బొమ్మలే!