మందిరం కొట్టమైతే...

మెథడిస్టు అన్న మాట వింటే నాకు ముందుగా మెదక్ చర్చి గుర్తుకు వస్తుంది. కరువుకాలంలో పనీ అన్నమూ కల్పిస్తూ వెస్లియన్ మిషనరీలు కట్టించిన ఆ రాతికట్టడం 1924లో ప్రారంభమైంది. చిన్నతనంలో దాని గోపురాన్ని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఇటీవల అదే శాఖకు చెందిన ఒక చిన్న మట్టి మందిరం చరిత్ర చదివాను. అది నన్ను మరింత కలవరపెట్టింది.

ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో టాల్‌పడిల్ అనే పల్లె ఉంది. 1818లో అక్కడి మెథడిస్టులు మట్టిలో గడ్డి కలిపి గోడలు పెట్టి ఒక ప్రార్థనామందిరం కట్టుకున్నారు. ఆ ఊరి జార్జ్ లవ్‌లెస్ వారమంతా పొలంలో కూలి, ఆదివారం బోధకుడు. వారానికి తొమ్మిది షిల్లింగుల కూలి తగ్గుతూ తగ్గుతూ ఏడుకు దిగి, ఇక ఆరేనని తెలిసినప్పుడు, 1833లో అతడు తోటివారితో కలిసి కూలీల సంఘం పెట్టాడు. నలుగురి ముందు నిలబడి మాట్లాడే ధైర్యం అతనికి ఉపదేశాల వల్లనే అబ్బి ఉంటుందని నా ఊహ. రహస్య ప్రమాణం చేయించారన్న నేరం మోపి, 1834లో ఆరుగురికి ఏడేళ్ళ ద్వీపాంతరవాస శిక్ష విధించి ఆస్ట్రేలియాకు పంపారు. దేశమంతటా ఆందోళన చెలరేగగా 1836లో క్షమాభిక్ష లభించింది.

మరి మందిరం? కొంతకాలానికి అందులో ఆరాధన ఆగిపోయింది. తరువాత ఎన్నో దశాబ్దాలు అది రైతుల కొట్టంగా ఉండిపోయింది. ఈ శతాబ్దంలో ఒక ధర్మసంస్థ దానిని కొని, మరమ్మతులకు పూనుకున్నది.

ప్రార్థనలు జరిగినచోట కొట్టమా అని మొదట మనసు చివుక్కుమంది. ఆపైన మా తాతగారి మట్టి ఇల్లు గుర్తుకు వచ్చింది. ఆయన పోయాక పక్కింటి రైతు గడ్డి వేసుకుంటానని అడిగాడు. "పెద్దలు తిరిగిన ఇల్లు, కొట్టం చేస్తామా!" అని మేమే ఒప్పుకోక తాళం వేశాం. కప్పు జారింది, చూసేవారు లేరు. కొన్ని వానాకాలాలకే గోడలు కరిగి మట్టిలో కలిశాయి.

టాల్‌పడిల్ గోడలను కాపాడినది గౌరవం కాదు, అవసరం. గడ్డి తడవకూడదనుకున్న రైతు కప్పును చూసుకుంటాడు. ఆ కప్పు గోడను కాపాడుతుంది. మేము వేసిన తాళం మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో భద్రంగా ఉంది.