కోడిపిల్లలు, కీరి, నా తప్పు

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రైల్వేలో రిటైరైనాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల సత్తువాచారిలో మా పెరటి నాటుకోడి 11 పిల్లలు చేసింది. వారానికి ఆరే మిగిలినాయి. రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది, మూడింటిని కీరి పట్టింది. పుస్తకాల్లో ముంగిస అంటారే, అదే. మా మనవరాలు అన్నం తినకుండా ఏడ్చింది.

పక్కింటాయన వచ్చి, "మాంసంలో మందు కలిపి పెట్టండి సార్, ఒక్క దినంలో పీడ పోతుంది" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు. మీకు చెప్తాను.

నాకు 12 ఏండ్లప్పుడు గుడియాత్తంలో మా అవ్వ కోళ్లను కీరి పడతా ఉండె. ఎవరికీ చెప్పకుండా కోడి పేగుల్లో ఎలుకల మందు కలిపి కంచె కాడ పెట్టినాను. కీరి రాలేదు. మా కుక్క తినింది. తెల్లారేసరికి చచ్చిపోయింది. పాము కరిచిందని నాయన అనుకున్నాడు. ఆయన పోయేదాకా నేను నోరు తెరవలేదు.

అందుకే ఈసారి మందు జోలికి పోలేదు. కీరిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం కూడా. నేను చేసింది ఇది:

పెద్ద కన్నుల కోడివల తీసేసి అరంగుళం కన్నుల ఇనుప వల వేసినాను. కీరి తవ్వుకొని వస్తుంది కాబట్టి వలను అడుగు లోతు పూడ్చినాను. పిల్లలను మొదటి నెల పగలు పైకప్పు వల కిందనే తిప్పినాను. గద్దకు బయలు కావాల, పిల్లలకు పొద కావాల. అందుకే పెరట్లో రెండు చోట్ల ముళ్లకంప వేసినాను. రాత్రి బావురుపిల్లి, పునుగుపిల్లి వస్తాయి కాబట్టి పొద్దు మునగక ముందే గూడు మూసి గొళ్లెం పెడతాను.

ఒక పుంజును కూడా పెట్టుకోండి. దానిదీ మా రైల్వే సిగ్నల్ మాదిరే. పైన గద్ద కనిపిస్తే సన్నగా, సాగదీసి అరుస్తుంది. కోళ్లు పొదలోకి దూరతాయి. నేలమీద పిల్లో కీరో వస్తే కొక్ కొక్ అని ఆపకుండా అరుస్తుంది. అన్నీ మెడలెత్తి చూస్తాయి. ఆ రెండో అరుపు వింటే కట్టె తీసుకొని నేను పరిగెత్తుతాను.

ఆ ఆరూ ఇప్పుడు పావురమంత అయినాయి. కీరి ఇంకా కంచె బయట తిరుగుతానే ఉండాది. తిరగనీ. పక్కింటాయనకు కూడా ఒక కుక్క ఉండాది. రేపు పోయి మా కుక్క కథ ఆయనకు చెప్తాను.

మీ ఇళ్లల్లో మీరేం చేస్తా ఉండారో కింద రాయండి.