తేనెటీగ దారి

దివ్య ఖుర్ఆన్‌లోని 16వ సూరా పేరు ‘అన్ నహ్ల్’, అంటే తేనెటీగ. అందులోని 68, 69 ఆయతులు గూడు కట్టుకోవడం మొదలు తేనెలోని స్వస్థత వరకు ఆ చిన్న ప్రాణి జీవితాన్ని స్మరిస్తాయి. వాటిని పారాయణం చేసినప్పుడల్లా మా మనసు ఒక విషయం దగ్గర ఆగుతుంది: తేనెటీగ దారులను దాని ప్రభువే సుగమం చేశాడు.

ఆ దారి కొంతవరకు పరిమళంతో వేసినది. గాలిలో తేలివచ్చే పూల వాసన కూడా తేనెటీగను పూత దగ్గరకు చేరుస్తుంది. డీజిల్ పొగలోని వాయువులు ఆ వాసననే మార్చివేస్తాయి. పువ్వు పిలుస్తూనే ఉంటుంది, పిలుపు అందదు.

మా దౌల్తాబాద్ ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. పక్కనున్న తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ తాండూరే నాపరాళ్లకు, సిమెంటుకు కూడా పేరుపొందింది. బండల లారీలు తిరిగే దారుల వెంట ఆకులపై తెల్లని దుమ్ము పేరుకుంటుంది.

బెంగళూరు శాస్త్రవేత్తలు పెద్ద తేనెటీగలను పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. కాలుష్యం ఎక్కువగా ఉన్న చోట్ల పువ్వులపై వాలే ఈగలు తగ్గాయి. అక్కడ పట్టిన వాటిలో 80 శాతానికి పైగా ఒక్క రోజులోనే చనిపోయాయి.

గుమ్మడి తీగకు ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. ఆలోగా ఈగ రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. నజర్ తగిలిందంటారు పెద్దలు. ఫజ్ర్ తర్వాత పువ్వుపై ఈగ వాలిందా అని అడిగేవారు తక్కువ. ఈగ కనిపించని రోజున మేమే మగపువ్వును తుంచి ఆడపువ్వుకు అద్దుతున్నాము. పెరటి తీగకు అది సాధ్యమే. ఊరి చేలన్నింటికీ ఎవరు అద్దగలరు?

దారిలోని హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలోని ఒక శాఖ అని ప్రవక్త (స) బోధించారు. తేనెటీగ దారి గాలిలో ఉంది. చెత్తను, పత్తికట్టెను తగలబెట్టకుండా ఉండటం, లారీపై టార్పాలిన్ కప్పించమని పంచాయతీలో అడగడం, బండి ఆగినప్పుడు ఇంజను ఆపడం మా చేతిలోని పనులే. అల్లాహ్ సుగమం చేసిన దారికి అడ్డుపడని వారిలో ఆయన మనందరినీ చేర్చుగాక!