బాత్రూం బండలు

మొన్న శ్రీరాంపూర్‌లో మా బాపు బాత్రూంలో జారిపడ్డాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగొచ్చిన మనిషి, సబ్బునీళ్లకు పడటమేంటో! మణికట్టుకు కట్టుతో బయటపడ్డాడు.

తప్పు నాదే. మూడేళ్ల కిందట పాత షాబాద్ బండలు తీయించి, నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్ వేయించింది నేనే. అర శాతం నీళ్లు కూడా పీల్చవని చదివి మురిసిపోయా. నీళ్లు పీల్చకపోవడం వేరు, కాలు జారకపోవడం వేరు... ఇంజనీరు బుర్రకు తట్టలేదు :)

మళ్లీ షాబాద్ బండలే వేయిద్దామా అంటే, "అది సున్నపురాయి బిడ్డా, మీ అమ్మ యాసిడ్ పోసి కడుగుతది, తినేస్తది" అన్నాడు బాపు.

సరే, ఈసారి గరుకు టైల్స్, అడుగువి. చిన్నవైతే సందులెక్కువ, కాలికి పట్టు. కొట్లోనే టైలు మీద సబ్బునీళ్లు పోయించి, చెప్పులిడిచి నిలబడి చూశా.

ఇంటికొచ్చి చూపిస్తే బాపు ఒకటే అడిగాడు: "గోడకు పట్టుకునే కడ్డీ గూడ పెట్టియ్యరాదు?"