లాభసాధనము పోయినప్పుడు

ఫిలిప్పీ పట్టణములో పౌలును సీలను అధికారుల యొద్దకు ఈడ్చుకొనిపోయినవారి అసలు బాధ వేరు. సోదె చెప్పే చిన్నదాని వలన వచ్చే రాబడి ఆగిపోయింది (అపొ. 16:19). అధికారుల ఎదుట ఆ మాట ఎత్తలేదు, ఆచారాలు చెడిపోతున్నాయన్నారు! గెరాసేనుల దేశములోనూ అంతే. దయ్యము పట్టినవాడు స్వస్థచిత్తుడై కూర్చున్నాడు, అయితే ఇంచుమించు 2,000 పందులు పోయాయి. ప్రభువును తమ ప్రాంతము విడిచి పొమ్మని బతిమాలారు.

మన తెలుగునాట 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమము ఊరూరా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో ఖజానాకు నష్టమని సంపూర్ణ నిషేధము ఎత్తివేశారు. కూలినాలి చేసుకునే స్త్రీలు వెరవలేదు, సర్కారు వెరచింది.

సర్కారును అనడము సులువే. మన కళ్లాల దగ్గర మాటేమిటి? మా బుక్కరాయసముద్రములో రాయల నాటి పెద్ద చెరువున్నా, మెట్టసేద్యమంతా ఆకాశము వైపు చూసేదే. శెనక్కాయ విత్తనానికి షావుకారు దగ్గర అప్పు, పంట వస్తే ఆయనకే తూకము. కాటాలో కిలోలు తగ్గుతాయి. "తెలుసు అయ్యగారూ. అడిగితే రేపు విత్తనానికి ఎవరిస్తారు?" అన్నాడు ఒక సంఘపెద్ద. దొంగత్రాసును గూర్చిన సామెతల వాక్యము ఆదివారము మందిరములో చదివినది ఆయనే. ఆయనను పిరికివాడనడానికి నాకు నోరు రాదు. వానలేక అప్పుమీద అప్పు పడినవాని ధైర్యాన్ని, నెలనెలా సంఘమిచ్చేది తినే కాపరి కొలవకూడదు.

అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయము మరల చదవండి. బెదిరింపులు విన్న శిష్యులు ధైర్యము కొరకు ప్రార్థించారు. దానిని ఆనుకొనియే లూకా వ్రాసినదేమి? తన ఆస్తి తనదని ఎవడును అనుకోలేదని, కొదువగలవారు లేరని, బర్నబా భూమి అమ్మి ఆ సొమ్ము తెచ్చాడని. మనము ధైర్యమునకు ఒక ప్రసంగము, కానుకలకు వేరొక ప్రసంగము చేస్తాము.

మా స్త్రీల సమాజము వారు వంటకు ముందు తీసిపెట్టే గుప్పెడు బియ్యము ఇన్నాళ్లూ మందిరపు ఖర్చులకే పోయేది. ఇప్పుడు అందులో సగము అమ్మి, షావుకారు చేయి విదిల్చినవానికి విత్తనాల కొరకు దాస్తున్నారు. చేరినది ఇంకా ఒక ఎకరాకు చాలదు. తూనికలు కొలతల అధికారికి అర్జీ అయితే వ్రాసి ఉంచాము. దానిమీద మొదటి సంతకము ఎవరిదో ఇంకా తేలలేదు.