గుత్తకు కడిగిన కార్పెట్

పిన్నిగారూ, కాస్త ఇటు జరగండి, స్ప్రింక్లర్ నీళ్ళు మీ కుచ్చెళ్ళ మీద పడుతున్నాయి. మీ అబ్బాయి పొద్దున కారెక్కుతూ చెప్పాడు, ఖాళీ చేసి వచ్చిన అపార్ట్‌మెంట్ వాళ్ళు డిపాజిట్‌లోంచి కార్పెట్ పేరు చెప్పి బాగానే కోసుకున్నారట కదా. మీ కోడలు వచ్చేముందు నడుం విరిగేలా తుడిచిందాయె. మీరేమో "ఆ కడిగేవాడు సరిగ్గా కడిగితేగా! డబ్బు మాత్రం మనవాళ్ళది పోయింది" అని బాధపడుతున్నారట. అది విన్నాక ఆగలేక పిలిచాను. ఆ కడిగేవాణ్ణి మాత్రం తిట్టకండి పిన్నిగారూ. ఈ ఇల్లు కొనుక్కోకముందు నేను ఇక్కడే ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేశాను. ఆ పని ఎలా జరుగుతుందో, ఎవరి చేతికి ఎంత వస్తుందో దగ్గర్నుంచి చూశాను.

ఒకరు ఖాళీ చేశాక ఇంకొకరు దిగేలోపు ఇల్లు సిద్ధం చెయ్యాలి కదా, దాన్ని ఇక్కడ మేక్‌రెడీ అంటారు. ముందు రిపేర్లు చేసేవాడు, తర్వాత రంగులు వేసేవాడు, తర్వాత బాత్‌రూములూ వంటిల్లూ తోమే ఆవిడ, అందరూ అయ్యాక ఆఖరున కార్పెట్ అబ్బాయి. కడిగాక తడి మీద ఎవరూ నడవకూడదని అతన్ని చివరికి పెడతారు. దాంతో ముందువాళ్ళు ఎంత ఆలస్యం చేసినా ఆ ఆలస్యమంతా వచ్చి అతని నెత్తినే పడుతుంది. ఇల్లు ఖాళీగా ఉన్న ఒక్కో రోజూ అద్దె నష్టమని మేనేజర్‌కి తొందర. పొద్దున కడిగించి సాయంత్రం తాళాలిచ్చిన ఇళ్ళు ఎన్నో. కొత్తగా దిగినవాళ్ళు సాక్సులు తడుస్తుంటే పెట్టెలు మోసుకునేవాళ్ళు.

ఇక డబ్బు సంగతి. ఈ పనికి గంటల లెక్కన కూలి ఉండదు. మన దగ్గర వరికోత ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకున్నట్టు, ఇక్కడ ఒక బెడ్‌రూం ఇంటికి ఇంత, రెండు బెడ్‌రూములకు ఇంత అని గుత్త. ఏడాదికోసారి కాంప్లెక్సులవాళ్ళు ధరలు చెప్పమంటారు, అందరికంటే తక్కువ చెప్పిన కంపెనీకి పని వెళుతుంది. ఆ కంపెనీ చాలాసార్లు తను చెయ్యదు. సొంత వ్యాను ఉన్న ఇంకో అబ్బాయికి అందులో కొంత ఇచ్చి చేయిస్తుంది. ఊరికే లెక్క కోసం రెండు బెడ్‌రూముల ఇంటికి 70 డాలర్లనుకోండి. మధ్యలో కంపెనీ సగం ఉంచుకుంటే అతనికి మిగిలేది 35. అందులోంచే వ్యాన్‌కి పెట్రోలు, మెషీన్‌కి పెట్రోలు, మందులు, గొట్టాలు, ఇన్సూరెన్సు. అతను ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు కింద లెక్క. అంచేత సంపాదించిన దాంట్లో సోషల్ సెక్యూరిటీకీ మెడికేర్‌కీ కలిపి 15.3 శాతం పూర్తిగా అతనే కట్టుకోవాలి. ఉద్యోగి అయితే అందులో సగం యజమాని కడతాడు. ఈ దేశంలో ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7 డాలర్ల 25 సెంట్ల దగ్గరే ఆగిపోయింది, టెక్సస్‌లో కూడా అంతే. గుత్తకు చేసే ఉద్యోగికైనా ఆ మాత్రం గిట్టాలని చట్టం చెబుతుంది గానీ, కాంట్రాక్టరన్న ముద్ర పడితే ఆ కాస్త అడ్డూ లేదు. ఇంకా, బిల్లు పెట్టిన నెలకో రెండు నెలలకో గానీ చెక్కు రాదు. పెట్రోలు బంకువాడు అంతకాలం ఆగుతాడా?

ఏమన్నారు? మరి ఒప్పుకోవడం దేనికంటారా? అతను కాదంటే ఇంకొకడు ఉన్నాడు పిన్నిగారూ. మీరు ఏలూరువారు, తివాచీలు నేసేవాళ్ళ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. గొర్రె ఉన్నితో అంత చక్కటి తివాచీ నేసినవాళ్ళు చాలామంది కూలి గిట్టక మగ్గాలు దిగిపోయారు కదా. ఇక్కడ అది కడిగేవాళ్ళ కథ.

అసలు ఒక గదిలో కార్పెట్ సరిగ్గా కడగాలంటే ఎంత పని ఉందో చెబుతాను, వినండి. ముందు నీళ్ళు తగలకుండా వాక్యూం చెయ్యాలి. కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువ భాగం పొడి మట్టే. అది తియ్యకుండా నీళ్ళు కొడితే బురదవుతుంది. తర్వాత మందు చల్లి పది పదిహేను నిమిషాలు ఆగాలి, అది మురికిని వదిలించడానికి ఆ సమయం కావాలి. బాగా నడిచిన దారుల్లో, అంటే గుమ్మం ముందూ సోఫా ముందూ, బ్రష్షుతో రుద్దాలి. అప్పుడు వేడినీళ్ళు కొడుతూ వెంటనే అదే గొట్టంతో పీల్చాలి. ఆ తర్వాత నీళ్ళు కట్టేసి ఉత్తగా పీలుస్తూ అదే జాగాలో మళ్ళీ రెండు మూడుసార్లు లాగాలి, లోపలి తడి పోవడానికి. చివర్న ఫ్యాన్లు పెట్టాలి. మూడో అంతస్తయితే కింద వ్యాన్‌లో ఉన్న మెషీన్ నుంచి మెట్లమీదుగా గొట్టం లాక్కెళ్ళాలి. గొట్టం పొడవు పెరిగేకొద్దీ నీళ్ళ వేడీ తగ్గుతుంది, పీల్చే బలమూ తగ్గుతుంది. ఇదంతా పద్ధతిగా చేస్తే రెండు బెడ్‌రూముల ఇంటికి దగ్గర దగ్గర రెండు గంటలు పట్టదూ?

ఆ 35 డాలర్లకు రెండు గంటలు పెడితే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని రోజుకు ఎన్ని ఇళ్ళు వీలైతే అన్ని చుట్టబెడతాడు. మరి ఎక్కడ కోత పడుతుంది? వాక్యూం ఎగిరిపోతుంది. మందు చల్లిన మరుక్షణమే నీళ్ళు కొడతాడు. అన్నిటికంటే ముందు పోయేది ఆ ఆఖరి ఉత్త లాగుడు. బయటికి కనపడని పని అదే మరి. కార్పెట్ మీద గీతలు గీతలుగా, కొత్తగా దువ్వినట్టు కనపడుతుంది, మేనేజర్ తలుపు దగ్గర నిలబడి చూసి సరేనంటుంది. లోపల అడుగున ఉన్న స్పాంజి మాత్రం నీళ్ళు తాగి కూర్చుని ఉంటుంది. ఖాళీ ఇల్లు కాబట్టి ఏసీ తగ్గించేసి, కిటికీలు మూసేసి ఉంటాయి. ఒకటి రెండు రోజులు అలా ఉంటే ముక్క వాసన. టెక్సస్ వేసవిలో ఆ తలుపు తీస్తే మొహం మీద కొట్టేది.

ఇంకో చిత్రం చూడండి. కడిగినరోజు పోయిందనుకున్న మరక రెండ్రోజులకు మళ్ళీ పైకి వస్తుంది. అడుగున మిగిలిన తడి ఆరేటప్పుడు పోగుల వెంట పైకి పాకుతూ తనతోపాటు మురికిని తెచ్చి కొసల్లో వదిలేస్తుంది. అప్పుడు కొత్త అద్దెకాపు ఫిర్యాదు చేస్తే మళ్ళీ ఆ అబ్బాయికే ఫోన్. ఆ రెండో రాకకు పైసా ఇవ్వరు. మా ఆఫీసు కౌంటర్ ముందు టోపీ చేత్తో పట్టుకుని "మేడం, ఇది నేను చేసిన మరక కాదు" అని నిలబడ్డ మనిషి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. అతనికి పని రాక కాదు. పని వచ్చిన చెయ్యే అది. మా కాంప్లెక్స్‌లోనే ఒకావిడ తన సొంత ఇంటికి అతన్నే పిలిపించుకుని గిట్టుబాటు ధర ఇచ్చింది. నేను వెళ్ళి చూశాను. మూల మూలకీ వెళ్ళి, సోఫాలు జరిపి, కాళ్ళకింద అట్టముక్కలు పెట్టి మరీ చేశాడు. అదే మనిషి, అదే మెషీన్. ధర మారింది, అంతే.

సరే, ఇదంతా మీ అబ్బాయి డిపాజిట్‌కి ఏం సంబంధమంటారా? అక్కడికే వస్తున్నాను. తొందరలో కడిగినప్పుడు సబ్బుమందు పూర్తిగా పోదు. పోగులకు జిగటగా అంటుకుని ఉండిపోతుంది. ఆ జిగట మీద మనం నడిచే ప్రతి అడుగు దుమ్మూ పట్టుకుంటుంది. చెప్పులు గుమ్మం బయటే విప్పే ఇల్లు మీది. అయినా ఏడాది తిరిగేసరికి నడిచే దారులు నల్లబడ్డాయంటే, అందులో మీవాళ్ళకంటే ముందు జరిగిన చౌక కడుగుడు వాటా చాలా ఉంది. ఆ వాటా కూడా మీవాళ్ళ బిల్లులోనే పడింది.

పసుపు మరకలంటారా, అవి మనవే, ఒప్పుకుందాం. పసుపు బట్టకు సబ్బు పెడితే ఎర్రబడుతుందని మీకు నేను చెప్పాలా? సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా ఆ గుణం వల్లే. కార్పెట్ మీద చల్లే మందులు చాలావరకు క్షారాలే. పులుసు ఒలికిన చోట అవి పడగానే పసుపు మరక కాస్తా ఎర్ర మరక అయి కూర్చుంటుంది. కడిగేవాడు బెదిరిపోయి ఇంకా కొడతాడు, ఇంకా ఎర్రబడుతుంది. మన ఇంట్లో అయితే బట్టను ఎండలో ఆరేస్తాం, పసుపు దానంతటదే వెలిసిపోతుంది. కార్పెట్‌ను ఎక్కడ ఆరేస్తాం? ఒలికినప్పుడే తెల్ల గుడ్డతో అద్ది అద్ది తియ్యడం, రుద్దకుండా ఉండడం, ఎండ పడే చోటయితే కర్టెన్లు తీసి ఉంచడం, ఇవే మన చేతిలో ఉన్నవి. ఈ ముక్క ఈసారి మీ కోడలికి చెప్పండి.

డిపాజిట్ విషయం మాత్రం మీ అబ్బాయి ఊరుకోకూడదు. టెక్సస్ చట్టంలో ఖాళీ చేసిన 30 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి, కోసుకుంటే దేనికి ఎంత కోశారో పద్దులు రాసి పంపాలి. దానికి మన కొత్త అడ్రసు కాగితం మీద రాసి ఇచ్చి ఉండాలి. ఇచ్చాడో లేదో ముందు అది అడగండి, ఇవ్వకపోతే ఇవాళే పంపమనండి. మామూలుగా కాపురముంటే వచ్చే అరుగుదలకు డబ్బు కోయడానికి వీల్లేదు. దుర్బుద్ధితో ఉంచేసుకున్నారని తేలితే, ఉంచుకున్నదానికి మూడింతలూ, పైన 100 డాలర్లూ, లాయరు ఖర్చులూ ఇచ్చుకోవాల్సి వస్తుంది. చిన్న కోర్టు ఉంది, జస్టిస్ కోర్టంటారు, 20,000 డాలర్ల వరకూ అక్కడే వింటారు. అంతదాకా వెళ్ళక్కర్లేదు లెండి. కార్పెట్ ఎప్పుడు వేశారు, ఎవరు కడిగారు, ఆ బిల్లు కాపీ ఏది అని మర్యాదగా ఒక ఉత్తరం రాయమనండి. అద్దె ఇంటి కార్పెట్‌ను 5 ఏళ్ళలో అరిగిపోయేదిగా పన్ను లెక్కల్లో చూపించుకోనిస్తుంది ఈ ప్రభుత్వం. అలాంటప్పుడు పాత కార్పెట్‌కు కొత్తదాని ఖరీదు మీవాడి దగ్గర వసూలు చేస్తే ఎలా?

మా చెల్లెలు ఇంగ్లండ్‌లో ఉంది కదా, అక్కడ 2019లో తెచ్చిన చట్టంతో, వెళ్ళేటప్పుడు డబ్బిచ్చి బయటివాళ్ళచేత కడిగించి తీరాలని అద్దెకాపును బలవంతపెట్టే వీలు లేకుండా చేశారు. వచ్చినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగిస్తే చాలు. కాలిఫోర్నియాలో 2025 నుంచి కోతలకు రుజువుగా ఫొటోలు తీసి పెట్టాల్సిన బాధ్యత ఇంటివాళ్ళ మీదే ఉంది. ఇక్కడ ఆ పని మనమే చేసుకోవాలి. దిగినరోజే, పెట్టెలు విప్పకముందే, తెల్ల గుడ్డతో కార్పెట్ మీద గట్టిగా అద్ది, ఆ గుడ్డ రంగుతో సహా ఫొటో తీసి ఆఫీసుకి మెయిలు పెట్టాలి.

ఇప్పుడు అసలు మీతో చెప్పాలనుకున్న మాట. మీ పెద్దల్లుడుగారికి ఫ్రిస్కోలో ఒక ఇల్లు అద్దెకుందన్నారు. ఆయనొక్కరే కాదు, ఈ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది రెండో ఇల్లు కొని అద్దెకిస్తున్నారు. కడిగించాల్సి వచ్చినప్పుడు వాట్సాప్ గ్రూపులో మొదటి ప్రశ్న "ఎవరు చవగ్గా చేస్తారు?" అనే. ఎవరైనా ఒక ధర చెబితే దానికంటే పది డాలర్లు తక్కువ చేసేవాడి నంబరు ఇంకొకరు పెడతారు. పెద్ద కాంప్లెక్సుల ధరలు మన చేతిలో లేవు. ఇవి మన చేతిలో ఉన్నవి. చెమటోడ్చి చదువుకుని, గంటకు ఎంత అని తమ పనికి గట్టిగా బేరమాడి సాధించుకున్న పిల్లలు, మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం లాగేవాడి దగ్గర పది డాలర్లు తగ్గించుకోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

అల్లుడుగారు రేపు పండక్కి వస్తారన్నారుగా, నా మాటగా చెప్పండి. ఈసారి ఇల్లు ఖాళీ అయితే ఎంత తీసుకుంటావని అడిగేముందు ఎంతసేపు పనిచేస్తావని అడగమనండి. వాక్యూంతో మొదలుపెట్టి ఉత్త లాగుడుతో ముగించమని, దానికి తగ్గ డబ్బు ఇస్తానని చెప్పమనండి. ఆరడానికి ఒక పూర్తి రోజు వదలమనండి. పని కాగానే అక్కడే, ఆ రోజే డబ్బు చేతిలో పెట్టమనండి.